అటకెక్కిన హోం థియేటర్‌ను దించండి.. సౌండ్‌బార్‌తో కలిపే దారులివిగో!

* వెనుక పలకను చదవడమే మొదటి పాఠం
* స్పీకరు తీగను సౌండ్‌బార్‌కు తగిలిస్తే అసలుకే మోసం
* పాత క్యాసెట్లు వినేందుకు అయ్యే ఖర్చు స్వల్పమే

తెనాలి గ్రామీణం: పండుగకు కొత్త టీవీ ఇంటికొచ్చింది. పలుచని ఆ టీవీలో మాట కూడా పలుచగానే వినిపిస్తోందని దాని కింద సౌండ్‌బార్ చేరింది. ఇరవై ఏళ్లుగా హాలులో ఒక మూలను ఏలిన హోం థియేటర్ పెట్టె, దాని ఐదు చిన్న స్పీకర్లు, బరువైన ఊఫర్ అటకెక్కాయి. వాటితోపాటే టేపు రికార్డరు, అట్టపెట్టె నిండా క్యాసెట్లు కూడా పైకి చేరాయి. పాత ఇనుప సామాను కొనే బండి వీధిలోకి వచ్చిన రోజున అవన్నీ కిలోల లెక్కన తూకానికి వెళ్తాయి. పట్టణాల్లోనూ, పల్లెల్లోనూ ఇప్పుడు ఇదే వరుస.

తూకానికి వెళ్లే వాటిలో పాడైనవి కొన్నే. మిగిలినవన్నీ 'కొత్తదానితో దీన్ని ఎలా కలపాలో తెలియక' వదిలించుకున్నవే. ఘంటసాల భగవద్గీత, ఎం.ఎస్.సుబ్బులక్ష్మి సుప్రభాతం నేడు సెల్‌ఫోన్‌లోనే దొరుకుతాయి. కానీ ఊరి తిరునాళ్లలో స్వయంగా రికార్డు చేసుకున్న పద్యనాటకం, పెళ్లిలో మోగిన సన్నాయి, కాలం చేసిన పెద్దల గొంతు మరెక్కడా దొరకవు. అవి ఉన్న క్యాసెట్టుకు టేపు రికార్డరు, దానికో యాంప్లిఫయర్ ఉండి తీరాలి.

పాతవాటిని సౌండ్‌బార్‌తో కలపవచ్చా? కలపవచ్చు. అయితే అన్నింటినీ అన్నింటితో కలపలేం. ఏది దేనితో కలుస్తుందో, ఏది కలపకూడదో తెలుసుకునే వివరాలివి.

ధ్వనికి మూడు మజిలీలు

ఏ పాటైనా మన చెవిని చేరేలోపు మూడు మజిలీలు దాటుతుంది. మొదటిది పాట పుట్టే చోటు. టీవీ, సెట్‌టాప్ బాక్సు, డీవీడీ ప్లేయరు, టేపు రికార్డరు, రికార్డు ప్లేయరు ఈ కోవలోకి వస్తాయి. వీటి నుంచి వెలువడే విద్యుత్ సంకేతం బలహీనంగా ఉంటుంది. రెండోది ఆ సంకేతానికి బలం పోసే యాంప్లిఫయర్. మూడోది ఆ బలాన్ని గాలిలో కదలికగా మార్చే స్పీకరు. పొలానికి నీరు పెట్టే రైతుకు బావి, మోటారు, బోదె ఎలాగో వినేవారికి ఈ మూడూ అలాగే.

పాత హోం థియేటర్‌లో యాంప్లిఫయర్, స్పీకర్లు వేర్వేరు పెట్టెల్లో ఉంటాయి. సౌండ్‌బార్‌లో ఆ రెండూ ఒకే కడ్డీలో ఇమిడిపోయాయి. అంటే ధ్వని ప్రయాణానికి సౌండ్‌బార్ ఆఖరి స్టేషను. అక్కడి వరకు సంకేతాన్ని చేర్చగలం. అక్కడి నుంచి మరో స్పీకరుకు తీసుకెళ్లే దారి అత్యధిక సౌండ్‌బార్లలో ఉండదు. 'పాత స్పీకర్లను సౌండ్‌బార్ వెనక తగిలించుకోవచ్చా?' అని దుకాణాల్లో తరచూ వినిపించే ప్రశ్నకు సమాధానం ఇదే. తగిలించలేం. పాత స్పీకర్లు మోగాలంటే వాటి పాత యాంప్లిఫయరే ఉండాలి.

మరి పాతవాటికి దారులేవి? రెండున్నాయి. పాత టేపు రికార్డరు, రికార్డు ప్లేయర్ల ధ్వనిని సౌండ్‌బార్‌లోకి పంపడం ఒకటి. టీవీ ధ్వనిని పాత యాంప్లిఫయర్‌లోకి పంపడం రెండోది. ఈ రెండింటిలో ఏది కావాలో ముందు నిశ్చయించుకోవాలి.

వెనుక పలక చెప్పే సంగతులు

తీగ కొనేముందు ప్రతి పరికరాన్నీ వెనక్కి తిప్పి చూడాలి. అక్కడి ప్రతి సాకెట్ పక్కనా 'ఇన్' అనో, 'అవుట్' అనో ముద్రించి ఉంటుంది. ధ్వని 'అవుట్' నుంచి బయలుదేరి 'ఇన్'లోకి వెళ్తుంది. ఇన్‌కు ఇన్, అవుట్‌కు అవుట్ ఎన్నడూ కలపరాదు. సాధారణంగా కనిపించే సాకెట్లు ఇవి.

ఆర్‌సీఏ: మనం ఏవీ పిన్ను అని పిలిచేది ఇదే. ఎరుపు కుడివైపు ధ్వనికి, తెలుపు ఎడమవైపు ధ్వనికి గుర్తు. పసుపు రంగుది బొమ్మకు సంబంధించినది, ధ్వనితో దానికి పని లేదు.

ఆక్స్: చిన్న గుండ్రటి రంధ్రం. సెల్‌ఫోన్ ఇయర్‌ఫోన్ పిన్ను పట్టేటంత, అంటే 3.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒకవైపు ఈ పిన్ను, మరోవైపు ఎరుపు, తెలుపు ఏవీ పిన్నులు ఉండే తీగ ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా దొరుకుతుంది.

ఆప్టికల్: చిన్న మూత ఉన్న చతురస్రాకారపు రంధ్రం. ఇందులో విద్యుత్తుకు బదులు ఎర్రటి కాంతి రూపంలో ధ్వని ప్రయాణిస్తుంది. తోషిబా సంస్థ 1983లో దీన్ని తీసుకొచ్చింది. రెండు చానళ్ల స్టీరియోను, కుదించిన 5.1 ధ్వనిని ఇది మోయగలదు.

కోయాక్సియల్: చూడటానికి ఒంటరి ఏవీ పిన్నులాగే ఉంటుంది. ఆప్టికల్ మోసే డిజిటల్ సంకేతాన్నే ఇది విద్యుత్ రూపంలో మోస్తుంది. మామూలు ఆర్‌సీఏ ఇన్‌పుట్‌లో దీన్ని పెడితే పాట రాదు.

హెచ్‌డీఎంఐ ఆర్క్: బొమ్మను, ధ్వనిని ఒకే తీగలో తెచ్చే హెచ్‌డీఎంఐకి 2009లో 1.4 వెర్షన్‌తో చేరిన సదుపాయం ఇది. టీవీలో పుట్టిన ధ్వనిని అదే తీగలో వెనక్కి, సౌండ్‌బార్‌కో యాంప్లిఫయర్‌కో పంపుతుంది. 2017లో ప్రకటించిన 2.1 వెర్షన్‌తో మరింత నాణ్యమైన ధ్వనిని మోసే ఈ-ఆర్క్ వచ్చింది. టీవీకి ఎన్ని హెచ్‌డీఎంఐ రంధ్రాలున్నా సాధారణంగా ఒకదాని పక్కనే 'ఆర్క్' అని రాసి ఉంటుంది. సౌండ్‌బార్ తీగను అందులోనే పెట్టాలి. పక్కదానిలో పెట్టి 'ధ్వని రావడం లేదు' అని మెకానిక్‌ను పిలిచే వారు తక్కువేమీ కాదు.

రూపం ఒకటే.. బలం వేరు

సాకెట్ రూపాన్ని మాత్రమే చూసి తీగ పెట్టడం పెద్ద ముప్పు. టేపు రికార్డరు, డీవీడీ ప్లేయరు వెనక 'లైన్ అవుట్' నుంచి వచ్చే సంకేతం వోల్టులో మూడో వంతు నుంచి రెండు వోల్టుల దాకా ఉంటుంది. రికార్డు ప్లేయరు ముల్లు నుంచి వచ్చేది వోల్టులో కొన్ని వేల వంతులే. యాంప్లిఫయర్ నుంచి స్పీకరుకు వెళ్లే సంకేతం వీటికి ఎన్నో రెట్లు. 8 ఓమ్‌ల స్పీకరుకు 50 వాట్ల శక్తి అందుతోందంటే అక్కడ 20 వోల్టులున్నట్లు లెక్క. రెండు వోల్టుల కోసం తయారైన ద్వారంలోకి ఇరవై వోల్టులు దూరితే లోపలి భాగం కాలిపోక తప్పదు.

పెద్ద యాంప్లిఫయర్లలో ఈ గందరగోళం ఉండదు. వాటిలో స్పీకరు తీగలకు ఎరుపు, నలుపు బిగింపులు విడిగా కనిపిస్తాయి. చిక్కంతా 2000 దశకంలో మన ఊళ్లలో విరివిగా అమ్ముడైన ఊఫర్ పెట్టెలతోనే. యాంప్లిఫయర్ అంతా ఊఫర్ పెట్టెలోనే ఉండే ఈ సెట్లలో చాలావాటికి చిన్న స్పీకర్లను తగిలించే చోట కూడా ఏవీ పిన్నులే అమర్చారు. చూపుకు అవి లైన్ అవుట్‌లా కనిపిస్తాయి. వాస్తవానికి అవి స్పీకరు అవుట్‌లు.

ఈ పొరపాటు ఈ వ్యాసకర్త ఇంట్లోనే నాలుగేళ్ల క్రితం జరిగింది. నాన్నగారి క్యాసెట్లను కొత్త సౌండ్‌బార్‌లో వినిపించాలన్న ఉత్సాహంతో టేపు రికార్డరును పాత ఊఫర్ పెట్టెకు, ఊఫర్ వెనకనున్న ఎరుపు, తెలుపు సాకెట్లను సౌండ్‌బార్ ఆక్స్‌కు కలపడం జరిగింది. రెండూ కలిసి మోగుతాయన్నది ఆశ. హార్మోనియం శ్రుతి మొదలైంది. నాన్నగారు కాస్త పెంచమన్నారు. పెంచగానే గరగరమని శబ్దం వచ్చి సౌండ్‌బార్ మూగబోయింది. ఆ సాకెట్ల పక్కన 'ఫ్రంట్' అని చిన్న అక్షరాల్లో ముద్రించి ఉన్న సంగతి టార్చిలైటు వేసి చూశాక గాని తెలియలేదు. బోర్డు మార్చాలంటే కొత్తదాని ధరలో దాదాపు సగమవుతుందని మరమ్మతు దుకాణంలో చెప్పారు. హెచ్‌డీఎంఐ ద్వారా టీవీ ధ్వని నేటికీ వస్తోంది. ఆక్స్ మాత్రం మళ్లీ పలకలేదు. కొత్త వస్తువు చెడిందన్న బాధ కన్నా, ఆ వేళ క్యాసెట్టును పెట్టెలో పెట్టేస్తూ 'పోనీలేరా' అన్న నాన్నగారి మాటే ఎక్కువ బాధించింది.

మొదటి దారి: పాత పాట.. కొత్త గొంతు

టేపు రికార్డరుకు వెనక 'లైన్ అవుట్' ఉంటే పని సులువు. అక్కడి నుంచి నేరుగా సౌండ్‌బార్ ఆక్స్ ఇన్‌కు తీగ వేయాలి. మధ్యలో ఏ యాంప్లిఫయర్ ఉండకూడదు. తర్వాత సౌండ్‌బార్ రిమోట్‌లో 'ఆక్స్' ఎంచుకుంటే సరిపోతుంది.

లైన్ అవుట్ లేని టూ-ఇన్-వన్ సెట్లకు హెడ్‌ఫోన్ రంధ్రమైనా ఉంటుంది. దాన్నీ వాడుకోవచ్చు. ముందు టేపు రికార్డరు శబ్దాన్ని బాగా తగ్గించి ఉంచి, సౌండ్‌బార్‌ను మధ్యస్థంగా పెట్టుకోవాలి. ఆపై టేపు శబ్దాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, గొంతు బొంగురుపోకముందే ఆపాలి.

రికార్డు ప్లేయరు సంగతి వేరు. దాని సంకేతం అతి సన్నం. పైగా రికార్డులో గాడులు చెక్కేటప్పుడు లోతు స్వరాలను తగ్గించి, కీచు స్వరాలను పెంచి ముద్రిస్తారు. 1954 నుంచి అమలులోకి వచ్చిన ఆర్‌ఐఏఏ పద్ధతి ఇది. వినేటప్పుడు దీన్ని తిరగేసి సరిచేసే 'ఫోనో ప్రీయాంప్' అనే చిన్న పెట్టె మధ్యలో ఉండాలి. అది లేకుండా ఆక్స్‌కు కలిపితే పాట దూరపు గదిలో నుంచి వస్తున్నట్లు పీలగా వినిపిస్తుంది. కొన్ని రికార్డు ప్లేయర్లలో ఈ అమరిక లోపలే ఉంటుంది. వెనక 'ఫోనో, లైన్' అనే మీట ఉంటే దాన్ని 'లైన్' వైపు జరపాలి.

పాత డీవీడీ ప్లేయరును సౌండ్‌బార్‌కు కలపడం కన్నా టీవీకి కలపడమే మేలు. దాని ధ్వని టీవీ ద్వారా సౌండ్‌బార్‌కు అదే చేరుతుంది. కొత్త టీవీల్లో మూడు రంగుల సాకెట్లకు బదులు ఒకే చిన్న రంధ్రం ఉండవచ్చు. దానికి టీవీతో ఇచ్చిన జోడింపు తీగ కావాలి. అసలు ఏవీ ఇన్‌పుట్టే లేని టీవీలూ వస్తున్నాయి కాబట్టి ముందుగా చూసుకోవాలి.

సౌండ్‌బార్‌లో ఆక్స్ లేకుంటే? ఖరీదైన కొన్ని రకాలకు హెచ్‌డీఎంఐ, బ్లూటూత్ తప్ప మరేమీ ఉండవు. అలాంటప్పుడు టేపు రికార్డరుకు చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ తగిలించి పాటను గాలి ద్వారా పంపవచ్చు. బ్లూటూత్‌లో ధ్వని కాస్త ఆలస్యమవుతుంది. బొమ్మ లేని పాటకు ఆ ఆలస్యంతో నష్టం లేదు.

రెండో దారి: టీవీ మాట.. పాత స్పీకర్లలో

పాత యాంప్లిఫయర్, స్పీకర్లు బాగున్న ఇళ్లలో ఈ దారే లాభం. టీవీ వెనక ఏ అవుట్ ఉందో, పాత యాంప్లిఫయర్ వెనక ఏ ఇన్ ఉందో చూసి జతపరచాలి.

రెండింటికీ ఆర్క్ ఉంటే హెచ్‌డీఎంఐ తీగ ఒక్కటే చాలు. 2009కి ముందు తయారైన పెట్టెలకు ఆర్క్ ఉండదు. వాటికి హెచ్‌డీఎంఐ ఉన్నా టీవీ ధ్వని ఆ దారిన వెనక్కి రాదు. అలాంటివాటికి ఆప్టికల్ వాడుకోవాలి. యాంప్లిఫయర్‌కు ఎరుపు, తెలుపు ఇన్‌లు మాత్రమే ఉంటే టీవీ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ వేయవచ్చు. అది కూడా లేనప్పుడు ఆప్టికల్ సంకేతాన్ని మామూలు ధ్వనిగా మార్చే 'డీఏసీ' అనే చిన్న కన్వర్టర్‌ను మధ్యలో పెట్టాలి. సెల్‌ఫోన్ చార్జరు లాంటి 5 వోల్టుల కరెంటుతో ఇది పనిచేస్తుంది.

కన్వర్టర్ పెట్టినా శబ్దం రాలేదంటే వెంటనే అది పాడైందని తీర్మానించరాదు. టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ధ్వని 'డాల్బీ'లోనో, 'ఆటో'లోనో ఉండి ఉంటుంది. చౌక కన్వర్టర్లకు ఆ భాష తెలియదు. దాన్ని 'పీసీఎం'కు మార్చితే పాట వస్తుంది. ఆప్టికల్ తీగ కొసలకు కనిపించీ కనిపించని ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి. వాటిని తీయకుండా గుచ్చినా ఫలితం ఉండదు. తీగ రెండో కొసను అరచేతికి దగ్గరగా పెట్టినప్పుడు ఎర్రటి చుక్క కనిపిస్తే టీవీ నుంచి కాంతి వస్తున్నట్లే. ఈ తీగను మడత పెట్టినా, మంచం కోడు కింద నలిపినా లోపల విరుగుతుంది.

ఆప్టికల్ ద్వారా కలిపినప్పుడు చాలా టీవీల రిమోట్‌తో శబ్దం తగ్గదు, పెరగదు. యాంప్లిఫయర్ రిమోట్‌నే వాడాలి. ఆర్క్ ద్వారా కలిపితే టీవీ రిమోట్ సరిపోతుంది. అయితే టీవీ మెనూలో 'సీఈసీ' సదుపాయాన్ని ఆన్ చేసి ఉంచాలి. ఒక్కో సంస్థ దీనికి ఒక్కో పేరు పెట్టుకుంది. శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటుంది.

రెండూ ఒకేసారి మోగించవచ్చా?

ముందు సౌండ్‌బార్, వెనక పాత స్పీకర్లు కలిసి మోగితే సినిమా హాలులా ఉంటుందన్న ఆలోచన చాలామందికి వస్తుంది. కొన్ని టీవీలు ఆర్క్, ఆప్టికల్ రెండింటి ద్వారా ఒకేసారి ధ్వనిని పంపుతాయి, కొన్ని ఒకదానికే పంపుతాయి. పంపినా మరో చిక్కుంది. ప్రతి డిజిటల్ పరికరం సంకేతాన్ని సరిచేసుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది. రెండు పరికరాలు తీసుకునే సమయం ఒకటి కాదు. ఈ తేడా సెకనులో ఇరవయ్యో వంతుకు చేరితే ఒకే మాట రెండుసార్లు పలికినట్లు, బావిలో అరిచినట్లు వినిపిస్తుంది. మెనూలోని 'ఆడియో డిలే'తో కొంత సవరించవచ్చు. పూర్తిగా కుదరడం అరుదు. పైగా రెండింటికీ ఒకే ధ్వని వెళ్తున్నందున వెనక స్పీకర్లలో నిజమైన 5.1 విభజన రాదు. దీనికోసం డబ్బు పోయడం దండుగ.

పాత ఊఫర్‌పైనా ఇలాంటి ఆశే ఉంటుంది. సౌండ్‌బార్‌తో వచ్చే తీగలేని ఊఫర్ దాని సొంత బార్‌తోనే జతకడుతుంది. ఇతర ఊఫర్‌ను పట్టాలంటే బార్ వెనక 'సబ్ ఊఫర్ అవుట్' ఉండాలి. అది కొద్ది రకాలకే ఉంటుంది. ఉన్నప్పటికీ పాత ఊఫర్‌కు సొంత యాంప్లిఫయర్, కరెంటు తీగ ఉంటేనే పని జరుగుతుంది. డీవీడీ హోం థియేటర్లతో వచ్చిన ఊఫర్లలో చాలావాటికి అవి ఉండవు. వాటి బలమంతా డీవీడీ పెట్టెలోనే ఉంది.

అటక నుంచి దించాక.. ఆన్ చేసే ముందు

ఏళ్ల తరబడి మూలనున్న పెట్టెను దించగానే ప్లగ్గులో పెట్టడం ప్రమాదం. బల్లులు, బొద్దింకలు, ఎలుకలు లోపల కాపురం పెట్టి ఉండవచ్చు. కొరికిన తీగలో 230 వోల్టుల కరెంటు పెట్టె రేకుకు తగిలే అవకాశముంది. ముందు కరెంటు తీగను కొస నుంచి కొస దాకా చూడాలి. లోపల దుమ్ము దులపడానికి మెకానిక్‌కు ఇవ్వడం ఉత్తమం. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా యాంప్లిఫయర్‌లోని పెద్ద కండెన్సర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. అలవాటు లేనివారు మూత విప్పరాదు.

అనుభవమున్న మెకానిక్‌లు పాత సెట్టును మొదటిసారి నేరుగా కరెంటుకు కలపరు. మధ్యలో సిరీస్ బల్బు పెడతారు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. సెట్టు కాలకుండా బయటపడుతుంది. ఈ పరీక్ష చేయమని అడిగి చేయించుకోవాలి.

స్పీకరు బతికుందో లేదో తెలుసుకోవడానికి 1.5 వోల్టుల గడియారం బ్యాటరీ చాలు. స్పీకరు తీగలను యాంప్లిఫయర్ నుంచి విడదీసి, బ్యాటరీ రెండు కొసలకు ఒక్క క్షణం తాకించి తీసేయాలి. 'టక్'మని శబ్దం వస్తే ప్రాణముంది. శంఖం అంచున ఉండే ఫోమ్ రింగు పొడిపొడిగా రాలుతుంటే దాన్ని మార్పించాలి. టేపు రికార్డరులోని రబ్బరు బెల్టులు సాగిపోయినా, జిగురులా కరిగినా పాట నత్తనడక నడుస్తుంది. బెల్టు మార్చకుండా అపురూపమైన క్యాసెట్టును అందులో పెట్టవద్దు. ముందు పనికిరాని క్యాసెట్టు వేసి చూడాలి.

స్పీకరు తీగలు బిగించేటప్పుడు యాంప్లిఫయర్ ఆపి ఉండాలి. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు కలపాలి. తీగలోని ఒక్క రాగి పోగు పక్క బిగింపుకు తగిలినా షార్టై యాంప్లిఫయర్ ఐసీ కాలిపోతుంది. ఒకే అవుట్‌కు రెండు స్పీకర్లు పక్కపక్కన కలిపితే 8 ఓమ్‌లు 4 ఓమ్‌లకు పడిపోతాయి. యాంప్లిఫయర్‌పై బరువు రెట్టింపవుతుంది. వెనక పలకపై 4 ఓమ్‌లకు అనుమతి ఉన్నట్లు ముద్రించి ఉంటేనే అలా చేయాలి.

'గుయ్‌'మనే రొద ఎందుకు?

అన్నీ కలిపాక పాట వెనక సన్నగా 'గుయ్' అని వినిపిస్తుంటే అది మన 50 హెర్ట్జ్ కరెంటు రొద. రెండు పరికరాలు రెండు వేర్వేరు చోట్ల ఎర్త్‌కు కలిసినప్పుడు, ఏవీ తీగ మీదుగా ఆ తేడా ప్రవహించి ఇలా వినిపిస్తుంది. ముందు అన్ని పరికరాలనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చి చూడాలి. తర్వాత ఒక్కో తీగనూ తీస్తూ ఏది తీస్తే రొద ఆగుతుందో గమనించాలి. కేబుల్ టీవీ తీగ తీయగానే ఆగితే మూలం అక్కడే ఉంది. టీవీకి, యాంప్లిఫయర్‌కు మధ్య ఆప్టికల్ తీగ వేస్తే ఆ రొద దాటి రాలేదు. కాంతికి ఎర్త్‌తో పనిలేదు.

రొద పోగొట్టడానికి ప్లగ్గులో లావుగా ఉండే మూడో పిన్నును విరగ్గొట్టే అలవాటు కొందరికి ఉంది. అది ప్రాణాలతో చెలగాటం. షార్టు జరిగినప్పుడు మనిషిని కాపాడేది ఆ ఎర్త్ పిన్నే.

పనికిరాదని తేలితే..

మెకానిక్ చేతులెత్తేసిన సెట్టును కూడా బండివాడికి అప్పగించవద్దు. రాగి కోసం తీగలను తగలబెడితే వెలువడే పొగ విషతుల్యం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు-2022 ప్రకారం వీటిని నమోదిత రీసైక్లింగ్ కేంద్రాలకే చేర్చాలి. ఆ దారిలో పంపే ముందు మంచి స్పీకర్లను, తీగలను విడిగా తీసి ఉంచుకుంటే మరొకరి సెట్టుకు పనికొస్తాయి.

అన్నీ చూశాక కలపకపోవడమే మేలని తేలే ఇళ్లూ ఉంటాయి. ఈ వ్యాసకర్త ఇంట్లో చివరికి అదే జరిగింది. టేపు రికార్డరు లైన్ అవుట్‌ను పాత ఊఫర్ పెట్టె ఇన్‌పుట్‌కు తిరిగి కలిపి, చిన్న స్పీకర్లను వాటి చోట వాటిని పెట్టడంతో సమస్య తీరింది. టీవీకి సౌండ్‌బార్, నాన్నగారి క్యాసెట్లకు పాత ఊఫర్. ఒకే గదిలో దేని పని దానిదే. ఆ క్యాసెట్లలోని ధ్వనిని అదే లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని కూడా మొదలైంది. టేపు అరిగిపోకముందే చేయాల్సిన పని అది. పాత సెట్టు ఉన్నందువల్లే అది సాధ్యమైంది.

ఇవి గుర్తుంచుకోండి

* తీగలు కలిపేటప్పుడు అన్ని పరికరాల ప్లగ్గులూ తీసి ఉంచాలి.
* 'అవుట్' నుంచి 'ఇన్'కు మాత్రమే కలపాలి. 'స్పీకర్', 'ఫ్రంట్', 'సెంటర్', 'సరౌండ్' అని ముద్రించి ఉన్న అవుట్‌లను సౌండ్‌బార్‌కు కలపరాదు.
* మొదటిసారి ఆన్ చేసేటప్పుడు శబ్దాన్ని పూర్తిగా తగ్గించి ఉంచాలి.
* ధ్వని రాకుంటే వరుసగా చూడాల్సినవి: సౌండ్‌బార్ రిమోట్‌లో ఎంచుకున్న ఇన్‌పుట్, టీవీలో ధ్వని అవుట్‌పుట్ ఎంపిక, పీసీఎం సెట్టింగ్, ఆప్టికల్ కొసల తొడుగులు.
* కొత్త సౌండ్‌బార్ కొనేముందు ఆక్స్, ఆప్టికల్, ఆర్క్ మూడూ ఉన్నాయేమో వెనక్కి తిప్పి చూడాలి. ఇంట్లోని పాత పరికరాల వెనుక పలకను సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకెళ్లి దుకాణంలో చూపించాలి.
* పెట్టెపై 'పీఎంపీఓ' అంటూ వేలల్లో ముద్రించిన వాట్లను నమ్మరాదు. వెనక పలకపై ఉన్న విద్యుత్ వినియోగం అంకెను చూడాలి. కరెంటు నుంచి తీసుకునే దానికన్నా ఎక్కువ శక్తిని ఏ యాంప్లిఫయరూ నిలకడగా ఇవ్వలేదు.